సరుకు లోపలికి, కొక్కెం వెనక్కి

(కణజీవశాస్త్రం మీద సామాన్య శ్రోతల కోసం చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

ముందు ఒక లెక్క చెప్తాను. ఈ పూట మనం మాట్లాడుకునేదంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

1976లో రాల్ఫ్ స్టైన్‌మన్, ఆయన సహచరులు కలిసి ఎలుక మాక్రోఫేజ్‌లను గాజుపాత్రలో పెంచి ఒక కొలత తీశారు. మాక్రోఫేజ్ అంటే ఒంట్లో చేరిన సూక్ష్మజీవుల్నీ, చచ్చిన కణాల్నీ తినేసే పెద్ద కణం. దాని చుట్టూ ఉన్న ద్రవంలో తేలిగ్గా గుర్తుపట్టగలిగే ఒక ఎంజైమును కలిపారు. అది ఎంత వేగంగా లోపలికి పోతోంది, ఎంతెంత తిత్తుల్లో పోతోంది అని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో లెక్కగట్టారు. తేలింది ఏమిటంటే, ఆ కణం తన ఒంటి మీది పొర ఎంతుందో అంత పొరనూ ప్రతి 33 నిమిషాలకోసారి మింగేస్తోంది. గంట తిరిగేసరికి తన పరిమాణంలో నాలుగో వంతు ద్రవం తాగేస్తోంది.

ఒళ్ళంతా కప్పిన చర్మాన్ని అరగంటకోసారి మింగేసే జీవి ఎలా ఉండాలి? అరగంటకు ఒలిచేసినట్టు అయిపోవాలి. రెండు గంటలకు ఉబ్బి పగిలిపోవాలి. ఆ కణానికి ఆ రెండూ జరగవు. నిన్న ఎంతుందో ఇవాళా అంతే ఉంటుంది. పోనీ, పోయిన పొర బదులు కొత్తది తయారు చేసుకుంటోందా అంటే, అంత వేగంగా పొర తయారు చేయడం ఏ కణం వల్లా కాదు.

అంటే మింగిన పొర వెనక్కి వస్తోంది. తాగిన నీరూ వెనక్కి పోతోంది. సరుకు మాత్రం లోపల నిలుస్తోంది. ఇది ఎలా సాధ్యం? కణం ఇలా మింగడాన్ని ఎండోసైటోసిస్ అంటారు. పాఠ్యపుస్తకంలో ఆ అధ్యాయం తీస్తే పొర లోపలికి సొట్టపడటం, తిత్తిగా తెగిపోవడం, బాణం గుర్తులు కనిపిస్తాయి. అక్కడితో బొమ్మ అయిపోతుంది. నాకెప్పుడూ ఆ బొమ్మ సగంలోనే ఆగిపోయినట్టు అనిపిస్తుంది. మింగడం సగం కథే. మింగిన తర్వాత ఏది ఉంచుకోవాలి, ఏది తిప్పి పంపాలి అని తేల్చుకోవడమే కణం చేసే అసలు పని. ఎన్నో జబ్బులు పుట్టేదీ అక్కడే, కొన్ని మందులు పనిచేసేదీ అక్కడే.

సరే, మొదటినుంచీ వద్దాం. కణం చుట్టూ ఉండే పొర మందం సుమారు 5 నానోమీటర్లు. మిల్లీమీటరును రెండు లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క అంత. కొవ్వు అణువులు రెండు వరుసలుగా పేర్చుకుని ఉంటాయి. ఆక్సిజన్ దానిలోంచి అడ్డులేకుండా పోతుంది. గ్లూకోజుకు దారి చూపించే ప్రోటీన్లు ఆ పొరలోనే ఉన్నాయి. కానీ ఒక పెద్ద ప్రోటీన్ రావాలన్నా, కొలెస్ట్రాల్ మూట రావాలన్నా, ఒక బ్యాక్టీరియా మొత్తంగా రావాలన్నా ఆ దారులు సరిపోవు. కణానికి నోరు లేదు. అందుకని ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడ కావాలంటే అక్కడ, ఆ పొరనే వంచి నోరు తయారు చేసుకుంటుంది. పని అయిపోగానే ఆ నోరు ఉండదు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది. పొర లోపలికి వంగి తిత్తిగా తెగినప్పుడు, ఆ తిత్తిలో ఉన్నది కణం మధ్యలో తేలుతున్నా, నిజానికి ఇంకా బయటే ఉన్నట్టు లెక్క. చుట్టూ పొర ఉంది కదా. ఇంట్లోకి తెచ్చిన మూటను ఇంకా విప్పలేదన్నమాట. ఆ పొర దాటితేనే కణద్రవంలోకి వచ్చినట్టు.

ఈ మింగడాన్ని మొదట అర్థం చేసుకున్నవాడు ఇల్యా మెచ్నికోవ్. 1882లో ఇటలీలోని మెస్సీనాలో ఉన్నాడు. ఇంట్లోవాళ్ళందరూ సర్కస్ చూడటానికి వెళ్తే, ఒక్కడే మైక్రోస్కోపు ముందు కూర్చుని నక్షత్రచేప పిల్లల్ని చూస్తున్నాడు. అవి గాజులా పారదర్శకంగా ఉంటాయి, లోపల కదిలే కణాలు బతికుండగానే కనిపిస్తాయి. అలా తిరిగే కణాలు బయటినుంచి వచ్చినదాని మీద పడతాయేమో అన్న ఆలోచన వచ్చింది ఆయనకు. తోటలోకి వెళ్ళి గులాబీ ముళ్ళు తెచ్చి ఆ పిల్లల ఒంట్లో గుచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదని తర్వాత తనే రాసుకున్నాడు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి. ఫాగోసైటోసిస్ అనే భావనకు అదే పునాది. 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఫాగోసైటోసిస్ అంటే ఘనపదార్థాన్ని తినడం. అర మైక్రాను కంటే పెద్దవి, అంటే బ్యాక్టీరియా, ఈస్టు, చచ్చిన కణం లాంటివి. ఇందులో కణం నుంచి చేతుల్లాంటివి ముందుకు సాగి వస్తువును చుట్టేస్తాయి. ఆ చేతుల్ని ముందుకు నెట్టేది ఆక్టిన్ అనే ప్రోటీన్ పోగులు.

ఈ చుట్టడం ఎలా జరుగుతుందో తేల్చిన ప్రయోగం ఒకటి ఉంది, నాకు చాలా ఇష్టం. 1970లలో గ్రిఫిన్, సిల్వర్‌స్టీన్ బృందం చేసింది. లింఫోసైటు అనే కణం ఒంటి నిండా యాంటీబాడీలు, అంటే ‘దీన్ని పట్టుకో’ అని గుర్తుపెట్టే ప్రోటీన్లు, అతికించి మాక్రోఫేజ్‌కి ఇచ్చారు. మాక్రోఫేజ్ దాన్ని పూర్తిగా మింగింది. తర్వాత అదే లింఫోసైటు మీద యాంటీబాడీలన్నీ ఒక పక్కకే టోపీలా చేరేలా చేసి ఇచ్చారు. ఈసారి మాక్రోఫేజ్ ఆ టోపీ ఉన్న మేరకు పట్టుకుంది, టోపీ అంచు దాకా పొర పాకింది, అక్కడ ఆగిపోయింది. మిగతా భాగం బయటే ఉండిపోయింది. అంటే తగలగానే గుటుక్కున మింగేయడం ఉండదు. జిప్పు పన్ను పన్నుకీ పట్టుకున్నట్టు, కణం మీది ప్రతి కొక్కేనికీ ఎదురుగా ఒక యాంటీబాడీ దొరకాలి. దొరికితేనే తర్వాతి అడుగు పడుతుంది. అడుగడుగునా తడిమి నిర్ధారించుకుంటూ మింగుతుంది. ఇక్కడ నేను కొక్కెం అంటున్నదాన్ని శాస్త్రంలో గ్రాహకం, రిసెప్టర్ అంటారు. ఈ పూటకు కొక్కెం అనే అందాం.

నేను విద్యార్థిగా మొదటిసారి దీన్ని కళ్ళారా చూసిన రోజు నాకు బాగా గుర్తు. ఈస్టు కణాలకు ఒక రకం రంగు వేశాం. ఆమ్లం తగిలితే ఎర్రగా వెలిగే రంగు అది. మామూలు ద్రవంలో కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. చీకటి గదిలో తెర మీద చూస్తున్నాను. ఒక మాక్రోఫేజ్ అంచు మెల్లగా పాకి ఒక ఈస్టును చుట్టుకుంది. మూసుకుంది. ఏమీ జరగలేదు. ఈస్టు అలాగే మసగ్గా ఉంది. నిమిషాలు గడిచాయి. తర్వాత ఉన్నట్టుండి కాదు, నివురు కింద నిప్పు రాజుకున్నట్టు, ఆ ఒక్క ఈస్టు ఎర్రబడటం మొదలైంది. పక్కనే బయట ఉన్న ఈస్టులు మాత్రం అలాగే మసగ్గా ఉన్నాయి. లోపలికి పోయిన తిత్తిలో ఆమ్లం నిండుతోందని నాకు కంటితో తెలిసింది. ఆ ఎరుపు ఈ విషయంలో చాలా ముఖ్యం. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఫాగోసైటోసిస్ అనగానే రోగక్రిములతో యుద్ధం గుర్తొస్తుంది. కానీ మీ ఒంట్లో ఈ క్షణాన జరుగుతున్న దాంట్లో ఎక్కువ భాగం యుద్ధం కాదు, సొంత ఇంటి శుభ్రత. ఎర్రరక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. అలా ఆయుష్షు తీరిన కణాలు సెకనుకు 20 లక్షలకు పైగా ఉంటాయి. వాటిని ప్లీహంలో, కాలేయంలో మాక్రోఫేజ్‌లు తినేసి, అందులోని ఇనుమును వెలికితీసి మళ్ళీ రక్తానికి అప్పజెప్తాయి. ఇక కంటి సంగతి చూడండి. వెలుతురును పట్టే కణాల కొసల్లో పలకలు దొంతరగా పేర్చి ఉంటాయి. అడుగున కొత్త పలకలు పుడుతూ ఉంటాయి, కొసన పాతవి రాలిపోతూ ఉంటాయి. రాలినవాటిని తినే పని వెనకాలే ఉన్న వర్ణకపొర కణాలది. రోజుకు దొంతరలో ఇంచుమించు పదో వంతు తింటాయి. పది రోజులకు దొంతర మొత్తం కొత్తదైపోతుంది. పెద్దయ్యాక ఈ వర్ణకపొర కణాలు విభజన చెందవు. మీకు డెబ్భై ఏళ్ళుంటే, డెబ్భై ఏళ్ళుగా అవే కణాలు రోజూ ఆ పని చేస్తున్నాయి. మీరు నన్ను చూడగలుగుతున్నారంటే అవి తింటున్నాయి కాబట్టే.

మరి చచ్చే కణాన్ని ఎలా గుర్తుపడతాయి? కణం పొరలో కొవ్వు అణువులు రెండు వరుసలుగా ఉంటాయన్నాను కదా. ఫాస్ఫాటిడైల్ సెరీన్ అనే కొవ్వు అణువును బతికున్న కణం ఎప్పుడూ లోపలి వరుసలోనే ఉంచుతుంది. చావు మొదలవగానే అది బయటి వరుసకు వచ్చేస్తుంది. తినే కణానికి అదే పిలుపు.

ఇది ఘనం. ద్రవం తాగడాన్ని పినోసైటోసిస్ అంటారు. ఆ పేరు పెట్టింది వారెన్ లూయిస్, 1931లో. కణాల్ని సినిమా తీసి, ఆ సినిమాను వేగంగా తిప్పి చూస్తే కణం అంచు అలల్లా లేచి, ముడుచుకుని, మధ్యలో చిక్కిన ద్రవాన్ని బుడగలుగా లోపలికి లాక్కోవడం ఆయనకు కనిపించింది. మామూలుగా చూస్తే మన ఓపిక చాలనంత నెమ్మది అది. ఇలా పెద్ద పెద్ద గుక్కలు తాగడాన్ని ఇప్పుడు మాక్రోపినోసైటోసిస్ అంటున్నాం. ఇందులో ఏరుకోవడం లేదు, దొరికింది దొరికినట్టు తాగడమే. రోగనిరోధక కణాలు చుట్టుపక్కల ఏముందో రుచి చూడటానికి దీన్ని వాడతాయి. దీన్ని కేన్సరు కూడా వాడుకుంటుంది. రాస్ అనే జన్యువు చెడిన క్లోమ కేన్సరు కణాలు ఇలా గుక్కలు తాగి, అందులోని ఆల్బుమిన్ ప్రోటీన్‌ను జీర్ణించుకుని దాని మీద బతుకుతాయని 2013లో తేలింది. రక్తసరఫరా సరిగా లేని గడ్డ ఎలా పెరుగుతోందన్న ప్రశ్నకు అదొక జవాబు.

ఇప్పుడు ఈ మొత్తంలో అన్నిటికంటే నేర్పైన పద్ధతికి వద్దాం. దాని కథ దోమ గుడ్డుతో మొదలవుతుంది.

1964లో థామస్ రాత్, కీత్ పోర్టర్ ఈడిస్ దోమ గుడ్లను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తున్నారు. ఆడదోమ రక్తం తాగాక గుడ్డులోకి పచ్చసొన ప్రోటీన్ వచ్చి చేరుతుంది. ఆ ప్రోటీన్ గుడ్డు తయారుచేసుకునేది కాదు, బయటినుంచి తెచ్చుకునేది. ఎలా తెచ్చుకుంటోంది? గుడ్డు పొర మీద ఎక్కడ చూసినా చిన్న చిన్న గుంటలు కనిపించాయి. ప్రతి గుంటకూ లోపలివైపు కుచ్చులు కట్టినట్టు ఒక పూత ఉంది. రక్తం తాగిన ఏడు గంటలకు ఆ గుంటల సంఖ్య 15 రెట్లు పెరిగి, ఒక్కో గుడ్డు మీద సుమారు 3 లక్షలైంది. గుంట తెగి తిత్తి కావడం, తిత్తికి పూత ఊడిపోవడం, పూత ఊడిన తిత్తులు ఒకదానితో ఒకటి కలిసిపోవడం, ఈ వరుసంతా వాళ్ళు ఆ కదలని ఫోటోల్లోంచే చదివారు. ఇప్పటికీ ఆ వరుస మారలేదు.

ఆ పూత ఏమిటి? 1969లో కనసెకి, కదోటా అనే జపాన్ శాస్త్రవేత్తలు ఆ తిత్తి బుట్టలో పెట్టినట్టు ఉందని గమనించారు. 1976కల్లా బార్బరా పియర్స్ పంది మెదడు నుంచి ఆ బుట్టల్ని శుద్ధిచేసి, దాదాపు మొత్తం ఒకే ప్రోటీన్ అని చూపించి, దానికి క్లాత్రిన్ అని పేరు పెట్టింది. క్లాత్రిన్ అణుసముదాయానికి మూడు వంగిన కాళ్ళుంటాయి. ఆ కాళ్ళు ఒకదాని మీద ఒకటి అల్లుకుంటే ఆరు మూలల గళ్ళు, అయిదు మూలల గళ్ళు వస్తాయి. అన్నీ ఆరు మూలల గళ్ళే అయితే అల్లిక చాపలా పరుచుకుంటుంది. అయిదు మూలల గళ్ళు కలిస్తేనే గుండ్రంగా ముడుచుకుంటుంది. బుట్ట పూర్తిగా మూసుకోవాలంటే అయిదు మూలల గళ్ళు సరిగ్గా 12 ఉండాలి. ఫుట్‌బాల్ మీద నల్లగళ్ళు లెక్కపెట్టండి, అవీ 12. జ్యామితి నియమం అది, బంతికీ కణానికీ ఒకటే.

బుట్ట అల్లినంత మాత్రాన తిత్తి తెగదు. మెడ దగ్గర కోసేవాడు వేరే ఉన్నాడు. వాడి పేరు డైనమిన్. మెడ చుట్టూ స్ప్రింగులా మెలికలుగా చుట్టుకుని, జీటీపీ అనే ఇంధనం ఖర్చుపెట్టి, బిగించి తెంచేస్తుంది. ఇది తెలిసింది ఈగల వల్ల. షిబిరే అని ఒక రకం డ్రోసోఫిలా ఈగలు ఉన్నాయి. షిబిరే అంటే జపాను భాషలో తిమ్మిరి. మామూలు వేడిలో అవి ఎగురుతాయి, నడుస్తాయి. 29 డిగ్రీలకు పెంచితే నిమిషాల్లో కాళ్ళు చచ్చుబడి పడిపోతాయి. చల్లబరిస్తే లేచి మళ్ళీ నడుస్తాయి. పడిపోయిన ఈగ నరాల కొసల్లో చూస్తే తిత్తులు లేవు. అవన్నీ పొర మీద గుంటలుగా, మెడ దగ్గర తెగకుండా వేలాడుతున్నాయి. 1991లో ఆ చెడిన జన్యువు డైనమిన్‌దే అని తేలింది. నరం ప్రతి సంకేతానికీ తిత్తుల్ని బయటి పొరతో కలిపి లోపలి రసాయనాన్ని వదులుతుంది. ఆ పొరను మళ్ళీ లోపలికి లాక్కుని కొత్త తిత్తులు చేసుకోకపోతే కాసేపటికే సరుకు నిండుకుంటుంది. ఆ ఈగకు జరిగింది అదే. వెనక్కి తెచ్చుకోవడం ఆగిన నిమిషాల్లోనే ఈగ కూలబడింది.

క్లాత్రిన్ గుంటలో గొప్పతనం ఏరుకోవడంలో ఉంది. దీన్ని మనకు అర్థమయ్యేలా చేసినవాళ్ళు మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్. పుట్టుకతోనే రక్తంలో కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే జబ్బు ఒకటుంది. చెడిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే చిన్నవయసులోనే గుండెపోటు వస్తుంది. కారణం ఏమిటని వాళ్ళు 1972 ప్రాంతంలో మొదలుపెట్టారు. రక్తంలో కొలెస్ట్రాల్ విడిగా తిరగదు. ఎల్‌డీఎల్ అనే మూటల్లో తిరుగుతుంది. ఒక్కో మూట అడ్డకొలత సుమారు 22 నానోమీటర్లు, దాని లోపల దాదాపు 1500 కొలెస్ట్రాల్ ఎస్టర్ అణువులు. కణం మీద ఆ మూటను పట్టే కొక్కెం ఉంటుంది. జబ్బున్నవాళ్ళలో చాలామందికి ఆ కొక్కెమే లేదు, లేదా ఉన్నా మూటను పట్టదు.

కానీ ఒక రోగి కణాలు తలనొప్పి తెచ్చిపెట్టాయి. కొక్కేలున్నాయి. మూటల్ని చక్కగా పట్టుకుంటున్నాయి. అయినా సరుకు లోపలికి పోవడం లేదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే విషయం బయటపడింది. మామూలు మనిషి కణంలో కొక్కేలు క్లాత్రిన్ గుంటల్లోకి వచ్చి చేరతాయి. ఈ రోగిలో అవి పొరంతా చెల్లాచెదురుగా ఉన్నాయి, గుంటల్లో లేవు. 1986లో దాని మూలం దొరికింది. కొక్కెంలో పూసల్లా గుచ్చి ఉండే 839 అమైనో ఆమ్లాల్లో ఒక్కటి, 807వ స్థానంలో టైరోసిన్ ఉండాల్సిన చోట సిస్టీన్ ఉంది. కొక్కెం తోక కణం లోపలివైపు ఉంటుంది. ఆ తోకలోని టైరోసిన్ దగ్గరే లోపలి యంత్రాంగం దాన్ని గుర్తుపట్టి గుంటలోకి లాగుతుంది. ఆ ఒక్క గుర్తు చెరిగిపోతే కొక్కెం గుంట దాకా రాదు. బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లకు 1985లో నోబెల్ వచ్చింది. నాకు మాత్రం బహుమతి తర్వాతి ఏడాది దొరికిన ఈ 807వ అక్షరమే ఎక్కువ అబ్బురం.

ఇక మింగిన తర్వాత. క్లాత్రిన్ పూత ఊడిపోయి, తిత్తి ఎండోసోమ్ అనే గదిలో కలుస్తుంది. ఆ గది గోడల్లో ప్రోటాన్లను లోపలికి తోడే పంపులున్నాయి. ఆమ్లం పెరిగేకొద్దీ పీహెచ్ అనే కొలత తగ్గుతుంది. బయట పీహెచ్ 7.4. తొలి గదిలో 6 చిల్లర. ఇంకా లోపలికి పోతే అయిదున్నర. చివరన, సరుకును జీర్ణం చేసే లైసోసోమ్ అనే గదిలో నాలుగున్నర, అయిదు. నేను ఈస్టు ఎర్రబడటం చూశానన్నది ఇదే.

ఈ ఆమ్లం జీర్ణం చేయడానికి అనుకుంటాం. నిజమే, లైసోసోమ్‌లో అందుకే. కానీ మొదటి గదిలో దాని పని వేరు: పట్టు వదిలించడం. 6 దగ్గరికి రాగానే ఎల్‌డీఎల్ కొక్కెం ఆకారం మార్చుకుని మూటను వదిలేస్తుంది. మూట గదిలో మిగులుతుంది. కొక్కెం గది గోడలోనే ఉంటుంది. ఇప్పుడు ఆ గదికి సన్నటి గొట్టాలు మొలుస్తాయి. ఇక్కడ ఆగి ఒక్కసారి ఆకారం గురించి ఆలోచించండి. సన్నటి గొట్టంలో గోడ ఎక్కువ, లోపలి చోటు తక్కువ. ఉబ్బిన గదిలో చోటు ఎక్కువ, గోడ తక్కువ. గోడలో ఉన్న కొక్కెం గొట్టంలోకి జారిపోతుంది, చోటులో ఉన్న మూట గదిలోనే ఉండిపోతుంది. గొట్టాలు తెగి పై పొరకు వెళ్ళి కలిసిపోతాయి. పొర వెనక్కి వచ్చింది, కొక్కెం వెనక్కి వచ్చింది, సరుకు లోపల ఉంది. మొదట చెప్పిన 33 నిమిషాల లెక్క కుదిరేది ఇలాగే. ఎల్‌డీఎల్ కొక్కెం ఒక్కో విడత పది నిమిషాల్లో ముగిస్తుంది. దాని ఆయుష్షు ఇరవై గంటలనుకుంటే, వందకు పైగా సార్లు వెళ్ళొస్తుంది.

ఇనుము విషయంలో ఇది ఇంకా అందంగా ఉంటుంది. రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ ప్రోటీన్ ఒక్కోటీ రెండు ఇనుము అయాన్లు పట్టుకుని వస్తుంది. కొక్కెం దాన్ని లోపలికి తీసుకెళ్తుంది. ఆమ్లం తగలగానే ట్రాన్స్‌ఫెరిన్ ఇనుమును వదిలేస్తుంది. కానీ కొక్కెం మాత్రం ట్రాన్స్‌ఫెరిన్‌ను వదలదు. ఆమ్లంలో ఖాళీ ట్రాన్స్‌ఫెరిన్ కొక్కేన్ని గట్టిగా పట్టుకునే ఉంటుంది, దానితో పాటే పైకి వచ్చేస్తుంది. పైన 7.4 తగలగానే అప్పుడు విడిపోతుంది. ఇంకో ఇనుము కోసం రక్తంలోకి పోతుంది. ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ వదలాలి అన్నది అంతా పీహెచ్ మార్పు చేతిలో ఉంది.

కెవియోలాల గురించి ఒక్క మాట, లేకపోతే ఎవరైనా అడుగుతారు. 50 నుంచి 80 నానోమీటర్ల చిన్న కుండల్లాంటి గుంటలవి. 1950లలోనే కనిపించాయి. కొవ్వు కణాల్లో, రక్తనాళాల లోపొరలో, కండరాల్లో విపరీతంగా ఉంటాయి. చాలాకాలం ఇదీ ఒక మింగే మార్గమనే చదువుకున్నాం. ఇప్పుడు చూస్తే చాలావరకు అవి పొరకు మడత కుట్టి ఉంచినట్టు పనిచేస్తాయని అర్థమవుతోంది. కణాన్ని సాగదీస్తే ఆ కుండలు చదునై పొర చిరగకుండా కాపాడతాయి. మింగే మార్గంగా వాటికి పాఠ్యపుస్తకాల్లో ఇస్తున్నంత చోటు అక్కర్లేదని నా అభిప్రాయం.

ఇంత నమ్మకంగా పనిచేసే దారి ఉంటే దొంగ రాకుండా ఉంటాడా? ఫ్లూ వైరస్ కొక్కేన్ని పట్టుకుని తనను తానే మింగించుకుంటుంది. తిత్తిలో ఉన్నంతవరకూ అది ఇంకా బయటే ఉన్నట్టన్నాను కదా. దానికి కావలసింది ఆ పొర దాటడం. గదిలో ఆమ్లం పెరగడాన్నే అది సంకేతంగా వాడుకుంటుంది. ఆమ్లం తగలగానే దాని పైనున్న ప్రోటీన్ స్ప్రింగులా విడుచుకుని గది గోడలో గుచ్చుకుంటుంది, రెండు పొరలూ ఒకటవుతాయి, జన్యుపదార్థం కణద్రవంలో పడుతుంది. క్షయ బ్యాక్టీరియా పద్ధతి దీనికి సరిగ్గా వ్యతిరేకం. మాక్రోఫేజ్ దాన్ని మింగుతుంది. అది మాత్రం తానున్న తిత్తి పూర్తిగా ఆమ్లమయం కాకుండా, లైసోసోమ్‌తో కలవకుండా ఆపి, తనను చంపాల్సిన గదిలోనే కాపురం పెడుతుంది.

అదే దారిని మనమూ వాడుకుంటున్నాం. 2020 చివర్లో వచ్చిన కోవిడ్ ఎమ్ఆర్ఎన్ఏ టీకాల్లో, ఎమ్ఆర్ఎన్ఏ అనే జన్యు సందేశాన్ని మోసే కొవ్వు రేణువులు ఉంటాయి. కణం వాటిని మింగుతుంది. వాటిలో ఒక రకం కొవ్వుకు బయట విద్యుదావేశం దాదాపు ఉండదు, ఎండోసోమ్ ఆమ్లంలో ధనావేశం వస్తుంది. అప్పుడది గది గోడను చెదరగొడుతుంది, సందేశం బయటపడుతుంది. మింగినదాంట్లో చాలా కొద్ది భాగమే అలా బయటపడగలుగుతోంది. మిగతాది జీర్ణమైపోతుంది. ఆ భాగాన్ని పెంచడం మీద ఇప్పుడు ఎన్నో ప్రయోగశాలలు పట్టుదలగా పనిచేస్తున్నాయి.

మింగడమే మందుగా మారిన సంగతి ఇంకా పాతది. హర్లర్, హంటర్ అని రెండు పుట్టుకజబ్బులు. లైసోసోమ్‌లో ఒక్కో ఎంజైము లేక చెత్త పేరుకుపోతుంది. 1968లో ఎలిజబెత్ న్యూఫెల్డ్ బృందం ఈ రెండు జబ్బుల చర్మకణాల్ని ఒకే పాత్రలో కలిపి పెంచింది. చెత్త పేరుకోవడం తగ్గిపోయింది, రెండింట్లోనూ! ఒకదాని దగ్గర లేని ఎంజైము రెండోదాని దగ్గర ఉంది. కొంచెం బయటికి కారుతోంది. పక్క కణం దాన్ని మింగి, సరిగ్గా తనకు కావలసిన లైసోసోమ్‌కే చేర్చుకుంటోంది. తప్పిపోయిన ఎంజైమును సూదిమందుగా రక్తంలోకి ఎక్కించే చికిత్సలు ఇప్పుడు కొన్ని జబ్బులకు ఉన్నాయి. వాటికి దారి చూపింది ఆ పాత్రే.

(శ్రోతల్లోంచి ఒకరు: కొక్కెం వెనక్కి రాకపోతే ఏమవుతుందండీ?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. దానికి జవాబు 2003లో మొదలైంది. కొలెస్ట్రాల్ బాగా ఎక్కువున్న కొన్ని ఫ్రెంచి కుటుంబాల్లో ఎల్‌డీఎల్ కొక్కెం జన్యువు బాగానే ఉంది. చెడింది పీసీఎస్‌కే9 అనే వేరే ప్రోటీన్ జన్యువు. ఈ ప్రోటీన్ కొక్కేన్ని బయట పట్టుకుంటుంది, దానితోపాటు లోపలికి పోతుంది. ఆమ్లం తగిలితే వదలాల్సింది పోయి ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది. కొక్కెం గొట్టంలోకి జారలేదు. లైసోసోమ్‌కు పోయి తానే జీర్ణమైపోతుంది. వందసార్లు తిరగాల్సిన కొక్కెం మొదటి విడతల్లోనే పోతుంది. కణం మీద కొక్కేలు తగ్గుతాయి, రక్తంలో కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఈ ప్రోటీన్ మనందరికీ ఉంది. ఆ కుటుంబాల్లో దాని పని మరీ ఎక్కువైంది.

మరి ఈ ప్రోటీన్ పని తగ్గితే? 2006లో అమెరికాలో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ బృందం పదిహేనేళ్ళ పరిశీలన ప్రచురించింది. పీసీఎస్‌కే9 జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పనిచేయని నల్లజాతివారిలో ఎల్‌డీఎల్ సగటున 28 శాతం తక్కువ. గుండెనాళాల జబ్బు ప్రమాదం 88 శాతం తక్కువ. కొలెస్ట్రాల్ తగ్గింది మూడో వంతు కూడా కాదు, జబ్బు ఇంతగా ఎందుకు తగ్గింది? పుట్టినప్పటినుంచీ తక్కువే ఉండటం వల్ల. 2015లో ఈ ప్రోటీన్‌ను రక్తంలోనే పట్టేసే యాంటీబాడీ మందులు వచ్చాయి. అవి కొలెస్ట్రాల్‌ను ముట్టుకోవు. కొక్కెం జోలికీ పోవు. కొక్కెం తిరిగి రావడానికి ఉన్న అడ్డు తీసేస్తాయి, అంతే.

తర్వాత ఇంకొకటి వచ్చింది, ఇన్‌క్లిసిరాన్. ఆరు నెలలకోసారి సూది. అది కాలేయ కణంలో పీసీఎస్‌కే9 తయారీనే ఆపుతుంది. కాలేయ కణంలోకి ఎలా వెళ్తుందంటారా? ఆ మందు కొసన ఒక రకం చక్కెర అణువులు అతికించి ఉంటాయి. కాలేయ కణం మీద ఆ చక్కెరను పట్టే కొక్కేలు వేరే ఉన్నాయి. అవి మందును పట్టుకుని, క్లాత్రిన్ గుంటలోకి జారి, ఎండోసోమ్‌లో ఆమ్లం తగలగానే దాన్ని అక్కడ వదిలేసి, కొద్ది నిమిషాల్లో ఖాళీగా పైకి వచ్చి మళ్ళీ తయారుగా ఉంటాయి.